చెల్లి కింద ఒత్తు

నేను ఒక లేయర్ని. పేరు మాత్రం అడగకండి, సిగ్గేస్తుంది. నన్ను పుట్టించిన హైమావతికి బారసాల చేసే ఓపిక లేకపోతే, కంప్యూటరే "లేయర్ కాపీ కాపీ" అని ఏదో ఒకటి తగిలించేసింది. సామర్లకోట స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సీ బ్యానర్లు వేసే కొట్టు హైమది. ఆమె కంప్యూటర్ తెర మీద బొమ్మంతా ఒకే కాగితం మీద గీసినట్టు ఉంటుంది గానీ, అదంతా కనికట్టు. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఒక్కో పలక మీద ఒక్కో ముక్క ఉంటుంది. అడుగున రంగు, దాని మీద పూలదండ, ఆ పైన మనిషి, ఆ పైన అక్షరాలు. ఆ పలకలనే లేయర్లంటారు. నా పలక మీద ఉన్నదల్లా ఒకే ఒక్క ల ఒత్తు.

ఒత్తుకు కూడా ఒక లేయరా అని నవ్వకండి. జనం ముచ్చటపడే ఒంపుల అక్షరాల్లో ఒత్తులు కుదురుగా కూర్చోవు, పక్క అక్షరం కిందికి పోయి నిలబడతాయి. అందుకని హైమ నన్ను ఇంకో రకం అక్షరాల్లోంచి కత్తిరించి, విడిగా దాచుకుని, కావలసిన చోటికి ఈడ్చుకెళ్ళి అతికిస్తుంది. అలా ఎన్ని ఫైళ్ళు తిరిగానో! ఎల్లమ్మ తల్లి జాతర చూశాను. మల్లెపూల సెంటు సీసా ఎక్కాను. వెల్లుల్లి కారం పొట్లం మీద జంటగా నిలబడ్డాను. మల్లికార్జునరావు అనే పెద్దమనిషైతే, తన పేరు కంటే నేనే పెద్దగా ఉన్నానని అలిగి నన్ను సగానికి చెక్కించాడు.

మా ప్రతి లేయరు పక్కనా ఒక కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే మేం మాయం, మళ్ళీ నొక్కితే ప్రత్యక్షం. మనుషులు కన్ను మూస్తే వీధంతా ఏడుస్తుంది. మేం పొద్దస్తమానం కన్ను మూసి లేస్తూనే ఉంటాం, అయ్యో అనే నాథుడుండడు.

ఒకరోజు సూరిబాబు వచ్చాడు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి ఆయనే వంట మేస్త్రి. ఆయన చెల్లెలు నూకరత్నం మార్కెట్ దగ్గర కర్రీ పాయింటు తెరుస్తోంది. కానీ వాళ్ళకి మాటల్లేవు. ఆ మధ్య ఒక పెళ్ళిలో ఆయన కాచిన పులుసు నోట్లో పెట్టుకుని, "అన్నయ్యా, ఇది పులుసా, సముద్రమా?" అని పంక్తి పంక్తంతా వినేలా అనేసిందట. ఆయనకి ఒళ్ళు మండి, "నువ్వసలు నా చెల్లివే కాదు, పో!" అన్నాడట. చిటికెడు ఉప్పు కోసం తోబుట్టువును వదులుకోవడం మనుషులకే చెల్లింది!

"ఆ మాట ఎనక్కి తీసుకుందామంటే నోరు రావట్లేదు హైమమ్మా," అన్నాడు సూరిబాబు. "ఫ్లెక్సీ మీద 'మా చెల్లి' అని ఇంత లావున ఎయ్యి, సదువుకుంటది. ఇదీ కుదరకపోతే ఇంకది ఈ జన్మలో నా గడప తొక్కదు."

హైమ వేసింది. "మా చెల్లి నూకరత్నం కర్రీ పాయింటుకు శుభాకాంక్షలు." నన్ను తెచ్చి చెల్లి కింద కూర్చోబెట్టింది. నా ఆనందం ఏం చెప్పను! జాతరలూ సెంటు సీసాలూ ఒకెత్తు, ఇదొకెత్తు. ఇంతలో నూకరత్నం ఫొటోలో జడపువ్వు నాకు తగులుతోందని, దాన్ని సర్దడానికి హైమ నా కన్ను మూసింది. సరిగ్గా అప్పుడే సూరిబాబు, "అమ్మా, ఫొటోలో నా మీసం కాస్త నల్లగా చేద్దూ" అన్నాడు. ఆమె మీసం మీదికి వెళ్ళింది. నా సంగతి మరిచేపోయింది. నేనిక్కడున్నానని అరవడానికి లేయరుకి నోరెక్కడిది? అచ్చుకి ముందు సూరిబాబు తెరని తేరిపార చూశాడు. చూసింది మీసాన్నే. తన ఫొటో ఉన్నచోట మనిషికి అక్షరాలు ఆనవు.

కర్రీ పాయింటు తెరిచిన రోజున ఆయన చుట్టిన ఫ్లెక్సీని చంకలో పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "కొంప ముంచేశావు కదమ్మా!" అని నేల మీద పరిచాడు. "మా చెలి నూకరత్నం" అని ఉంది! పక్కనే నల్లటి మీసంతో ఆయన నవ్వుతున్నాడు. ఒక్క ఒత్తు ఊడేసరికి తోడబుట్టినది కాస్తా ప్రియురాలైపోయింది.

"బజారంతా ఒకటే నవ్వులు! మా బావ నన్ను ఎగాదిగా చూశాడు. అది చూసేలోపు ఇప్పుకొచ్చేశాను. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని ఎల్లనమ్మా దాని దగ్గరికి?" అంటూ పాపం ఆయన ఫ్లెక్సీ పక్కనే చతికిలబడ్డాడు.

హైమ ఫైలు తెరిచి, నా మూసిన కన్ను చూసి నెత్తి కొట్టుకుంది. నొక్కింది. లేచాను. ఏం లాభం, పెళ్ళయ్యాక వచ్చిన బాజా!

అప్పుడే చేతులకి శనగపిండితో నూకరత్నం గుమ్మంలోకి వచ్చింది. "నా బ్యానరు ఎవరిప్పేశారు?"

"నువ్వు చూశావా?" అన్నాడు సూరిబాబు, నీరుగారిపోయి.

"ఊరంతా చూసి నా ఫోనుకే పంపారు," అంది. ఫ్లెక్సీ వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. ఆపుకోలేక పక్కలు పట్టుకుని నవ్వింది.

"ఇప్పుడే ఇంకోటి వేసిస్తానండీ," అంది హైమ కంగారుగా.

"ఏం అక్కర్లేదమ్మా." బల్ల మీది లావు మార్కరు తీసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని, చెలి కింద తనే ఒత్తు పెట్టింది. వంకాయంత ఉంది, వంకర కూడా. దానికంటే నేనే వెయ్యిరెట్లు అందంగా ఉంటాను. కానీ ఎవరు చూశారు? అందరి కళ్ళూ ఆ వంకర ఒత్తు మీదే.

"నేను రాశాను సరే," అంది తలెత్తకుండా. "కాదన్నది నీ నోరు కదా అన్నయ్యా. నీ నోట్లోంచి రావాలి."

సూరిబాబు ఫ్యాను చూశాడు. గోడ చూశాడు. గొంతు సవరించుకుని ఏదో గొణిగాడు.

"ఒత్తు మింగేశావు," అంది నూకరత్నం.

"చెల్లీ!" అన్నాడు సూరిబాబు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా, ఒత్తి ఒత్తి అన్నాడు. అంటూనే కండువాతో మొహం కప్పుకున్నాడు.

"పద, పొయ్యి మీద కూర మాడిపోతోంది," అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ ఫ్లెక్సీని చెరో కొసా పట్టుకుని వెళ్ళిపోయారు. హైమ ముక్కు చీదుకుని ఫైలు మూసేసింది.

ఆ బ్యానరు మీద నేను లేను. పోన్లెండి. ఇన్ని ఫైళ్ళు తిరిగిన నేను, ఒక ఒత్తుని నోటితో పెట్టగా వినడం అదే మొదలు.