ఇరవై కిలోల కడ్డీ, రెండు పళ్లు

నేను ఒక బార్‌బెల్ కడ్డీని. నా బరువు ఇరవై కిలోలు. ఈ మాట నేను పుట్టిననాడు ఎంత నిజమో ఇవాళా అంతే నిజం. నన్ను కొన్నవాళ్లు తమ బరువు గురించి చెప్పుకున్న మాటలకి మాత్రం నేను పూచీ ఉండలేను.

పుట్టింది జలంధర్ శివార్లలో, ఒక రేకుల షెడ్డులో. నన్ను తయారుచేసిన ముసలి మేస్త్రీ నా నడుం మీద బరువులు వేలాడదీసి, కాసేపు బీడీ కాల్చుకుని, బరువులు తీసేసి, ఒక కన్ను మూసి ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. నేను తిన్నగానే ఉన్నాను. తల ఊపి పక్కన పెట్టాడు. మాకు అదే పరీక్ష. బరువు పడితే కాస్త వంగాలి, దిగాక తిన్నగా లేవాలి. మనుషుల్లో ఈ పరీక్ష పాసైనవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. బరువు పడకముందే వంగిపోయేవాళ్లు మాత్రం చాలామంది తగిలారు.

తరవాత నా రెండు చివర్లకీ గిరగిరా తిరిగే గొట్టాలు తొడిగారు, ప్లేట్లు ఎక్కించడానికి. చేతులు జారకుండా ఒంటి మీద సన్నటి గరుకు గీతలు చెక్కారు. లారీ ఎక్కించి విశాఖపట్నం పంపారు.

అక్కడ బలభీమ స్పోర్ట్స్ అనే కొట్లో ఒక మూల నిలబెట్టారు. యజమాని సూర్యచంద్రంగారికి నా మీద గౌరవం ఉండేది గానీ ప్రేమ ఉండేది కాదు. ఆయన ప్రేమంతా పక్కనున్న రంగుల పెట్టె మీదే. అందులో తళతళలాడే కడ్డీ ఒకటి, అద్దం బదులు దాన్ని చూసి తల దువ్వుకోవచ్చు. లోపల గుల్ల. అదీ ఒకటి కాదు, మూడు ముక్కలు మరలతో బిగిస్తే ఒకటి అవుతుంది. దాంతోపాటు ఇసక నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు, ఉచితంగా చేతి తొడుగులు, ఇంకా ఉచితంగా గెంతే తాడు. పెట్టె మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ. ఆ మనిషి ఆ కడ్డీని జన్మలో ముట్టుకుని ఉండడని నా నమ్మకం.

వచ్చినవాళ్లందరూ పెట్టెనే పట్టుకుపోయేవారు. చివరికి విజయనగరం నుంచి పురుషోత్తం అనే పళ్ల డాక్టరుగారు వచ్చి, కొట్లో అన్నిటికన్నా ఖరీదైనది ఏదని అడిగి, నన్ను చూపిస్తే ఇంకో మాట లేకుండా కొనేశారు. తీసుకెళ్లి క్లినిక్ వెనక వరండాలో రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టారు. మొదటిరోజు ఫొటో తీసుకున్నారు. రెండో రోజు తువ్వాలు ఆరేశారు. మూడో రోజు నుంచి వాళ్లింటి బనియన్లన్నీ నా మీదే. రెండేళ్లు అలా గడిచాయి. వంద కిలోలు మోయడానికి పుట్టినదాన్ని, నాలుగు తడి బనియన్లకి తుప్పు పట్టాను.

అక్కణ్ణుంచి నన్ను బయటపడేసిన మనిషి పేరు అసిరితల్లి. ఆమె గురించే అసలు చెప్పాలి.

అసిరితల్లికి నలభై నాలుగేళ్లు. విజయనగరంలో కంటోన్మెంట్ వైపు అద్దింట్లో జాకెట్లు కుట్టేది. పెళ్లికి ముందు తన ఊరి వ్యాయామశాలలో బరువులెత్తి జిల్లాకి ఆడిన పిల్ల. పెళ్లయ్యాక మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు, ఎవరూ ఎత్తమనీ అనలేదు, అంతే. భర్త తవిటినాయుడు ఆర్టీసీ డిపోలో గుమాస్తా. మంచివాడే. కాకపోతే ఏదైనా ఉచితంగా వస్తుందంటే మనిషి ఆగలేడు. సబ్బు కొంటే దువ్వెన వస్తుందని, ఇంట్లో ఆరు నెలలకి సరిపడా సబ్బులూ, బట్టతల మీద వాడటానికి తొమ్మిది దువ్వెనలూ పోగేసిన ఘనుడు.

ఇక్కణ్ణుంచి కొంత కథ నేను కళ్లారా చూసింది కాదు. ఆ ఇంట్లో చేరాక వారానికి రెండుసార్లు విన్నది. తవిటినాయుడు చెప్పినప్పుడు బరువు పెరిగేది, అసిరితల్లి చెప్పినప్పుడు తగ్గేది. మధ్యస్థంగా చెబుతాను.

ఒకరోజు గ్యాస్ బండ తెచ్చినతను దాన్ని మెట్ల కింద దింపేసి పోయాడు. అసిరితల్లి చూసింది. చీర కుచ్చిళ్లు బిగించి, కాళ్లు ఎడంగా పెట్టి, కూర్చుని, లేచింది. బండ భుజానికి చేరింది. మేడ మీదికి వెళ్లి దింపాక కూడా ఆమె గుండె దడదడలాడుతూనే ఉందట, ఆయాసంతో కాదు. ఆ సాయంత్రం టీ ఇస్తూ చెప్పింది.

"ఏవండీ, నాకో రాడ్డు కావాలి."

"కర్టెన్‌కా?"

"ఎత్తడానికి. కాకినాడలో నలభై దాటిన ఆడోళ్లకి రాష్ట్ర పోటీలున్నాయట. ఇంకా ఆర్నెల్లుంది."

తవిటినాయుడు నవ్వాడు. నవ్వినందుకు మర్నాటికి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్లి, బలభీమ స్పోర్ట్స్‌లో ఆ రంగుల పెట్టె కొనుక్కొచ్చాడు.

అసిరితల్లి పెట్టె విప్పి, మూడు ముక్కలూ బిగించి, వేలి కణుపుతో కడ్డీని కొట్టి చూసింది. డొల్ల చప్పుడు. మరల దగ్గర చేత్తో నొక్కితే కదిలింది. చివర్లో ప్లేట్లు జారకుండా పెట్టే స్ప్రింగు క్లిప్పుని రెండువేళ్లతో లాగితే ఊడి వచ్చేసింది.

"ఇది పనికిరాదండి. తిరిగి ఇచ్చేయండి."

"ఏటి పనికిరాదు? ఎంత మెరుస్తోందో చూడు. తాడు కూడా ఇచ్చాడు."

"నెత్తిమీద బరువున్నప్పుడు మెరుపెందుకండీ. ఈ క్లిప్పు ఒకటి ఊడితే చాలు."

తవిటినాయుడికి కోపం వచ్చింది. తను తెచ్చిన వస్తువుని తప్పు పడితే తనని తప్పు పట్టినట్టే. అసిరితల్లి కొత్తిమీరకని బయటికి వెళ్లేదాకా ఆగి, ఉన్న ప్లేట్లన్నీ ఎక్కించి, బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఎత్తాడు. ఒకసారి లేచింది. రెండోసారి దించుతుండగా ఎడమ క్లిప్పు జారింది. అటు ప్లేట్లన్నీ నేలమీద పడ్డాయి. ఇటువైపు బరువు అమాంతం కిందికి లాగింది. నడిమి ముక్క మర దగ్గర వంగి, వచ్చి మూతికి తగిలింది. అసిరితల్లి కొత్తిమీర కట్టతో వచ్చేసరికి తవిటినాయుడు నేలమీద కూర్చుని అరచేతిలో రెండు పళ్లు పట్టుకుని చూసుకుంటున్నాడు.

ఆమె తిట్టలేదు. తడి తువ్వాలు మూతికి అదిమి ఆటోలో ఎక్కించింది. ఆ దెబ్బ నాలుగు వేళ్లు కిందికి పడి ఉంటే పీక మీద పడేది.

అలా వాళ్లు మా డాక్టరుగారి దగ్గరికి వచ్చారు. పళ్లు ఎలా విరిగాయని ఆయన అడిగారు. తవిటినాయుడి నోట్లో దూది, అసిరితల్లే చెప్పింది. పురుషోత్తంగారు అంతా విని కాస్త ఇబ్బందిగా, "నా దగ్గర ఒకటుందమ్మా, కావాలంటే చూడండి," అన్నారు.

ఆమె వరండాలోకి వచ్చింది. నా మీది బనియన్లు ఒక్కొక్కటీ తీసి మడతపెట్టి కుర్చీలో పెట్టింది. నన్ను మనిషిగా, క్షమించాలి, కడ్డీగా చూసిన మొదటి మనిషి ఆమె. వేలి కణుపుతో కొట్టింది. నేను గట్టిగా పలికాను. స్టాండు మీంచి దింపి చదును గచ్చు మీద దొర్లించింది. వంకర ఉంటే ఎగిరెగిరి పడతాం, నేను నీళ్లలా దొర్లాను. చివరి గొట్టాన్ని తిప్పి వదిలింది. తుప్పు వల్ల కాస్త కీచుమంది గానీ ఊగలేదు. టేపుతో నా మందం కొలిచింది. ఎక్కడైనా అతుకుందేమోనని గోరుతో గీసుకుంటూ పోయింది. చివరికి గరుకు గీతల మీద అరచేయి వేసి మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. చెయ్యి కొయ్యకూడదు, జారకూడదు. అంతవరకూ నన్నెవరూ పట్టుకోలేదు, నా మీద ఆరేశారు.

"మందం మగోళ్ల కడ్డీది," అంది డాక్టరుగారితో. "పోటీలో మాకు పదిహేను కిలోల సన్నది ఇస్తారు. దీంతో అలవాటైతే అది సుఖంగా ఉంటాది. ప్లేట్లు జారకుండా మరతో బిగించే కాలర్లు ఉన్నాయా?"

డాక్టరుగారు కాలర్లంటే ఏమిటో తెలియక ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చారు. కవరు కూడా విప్పలేదు. ఆమె రెండూ బిగించి లాగి చూసింది. కదల్లేదు. అప్పుడు నవ్వింది.

తవిటినాయుడి నోట్లో ఇంకా దూది ఉండటంతో బేరం ఆడలేకపోయాడు. అతని జీవితంలో బేరం లేకుండా జరిగిన కొనుగోలు నేనొక్కదాన్నే.

ఇంటికెళ్లాక ఆమె నా తుప్పు కిరసనాయిలుతో తుడిచి, గొట్టాల సందుల్లో కుట్టుమిషను నూనె పోసింది. ఊరి వ్యాయామశాల నుంచి పాత ఇనప ప్లేట్లు తెచ్చుకుంది. పెరట్లో గోనెసంచుల్లో ఊక కుట్టి పరిచింది, నన్ను వదిలేస్తే గచ్చు పగలకుండా. వారం రోజులు ప్లేటు ఎక్కించనేలేదు. వట్టి నాతోనే కూర్చోవడం, లేవడం. పొద్దున్నే మోకాళ్లు పటపటమనేవి, ఆమె వాటిని పట్టించుకునేది కాదు.

మూడో నెలలో గొడవ వచ్చింది. పోటీలో ఒంటికి అతుక్కునే దుస్తులు వేసుకోవాలి. అసిరితల్లి మిషను మీద తనే కుట్టుకుంది, మణికట్టు నుంచి చీలమండ దాకా. తవిటినాయుడు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేసుకుని నలుగురిలో నిలబడతావా? డిపోలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పళ్లు పోయినప్పుడు ఎక్కడ పెట్టుకున్నారో అక్కడే పెట్టుకోండి."

"నేనొప్పుకోను, అసిరీ."

"అడగలేదండి. చెప్పాను."

ఆ తరవాత తొమ్మిది రోజులు అతను మాట్లాడలేదు. ఆమె ఎత్తడం మానలేదు. కానీ నాకు తెలుస్తుంది కదా, ఆ తొమ్మిది రోజులూ ఆమె పట్టు సరిగ్గా లేదు. తేలిగ్గా లేచే నలభై కిలోలు రెండుసార్లు మోకాళ్ల దగ్గరే వదిలేసింది. ఊకసంచి మీద కూర్చుని నా వైపు చూసింది. నేనేం చెయ్యగలను? తిన్నగా ఉండటం తప్ప నాకు వేరే విద్య రాదు. పదో రోజు ఆమె నలభై లేపింది.

పోటీకి నన్ను తీసుకెళ్లలేదు. అక్కడి కడ్డీలు అక్కడుంటాయి. తవిటినాయుడూ వెళ్లలేదు, పంతం. ఆమె తెల్లారగట్ల బస్సుకి బ్యాగు తగిలించుకుని ఒక్కతే పోయింది.

ఆ పూట అతను సెలవు పెట్టాడని ఆమెకి తెలియదు. పెరట్లో ఫోను పట్టుకుని తిరిగాడు. పదకొండు అయింది, పన్నెండు అయింది. ఫోను మోగలేదు. ఉన్నట్టుండి నా దగ్గరికొచ్చి, ఆమె నిన్న వదిలేసిన ప్లేట్లతోనే నన్ను పట్టుకుని లాగాడు. నేను లేవలేదు. ప్లేట్లు కొన్ని తీసి లాగాడు. కాస్త లేచి పడ్డాను. అతను మెల్లగా ఊకసంచి మీద కూర్చుని, మిగిలిన ప్లేట్ల మీది అంకెలు వేలితో తడుముతూ చదివాడు. ఇన్ని నెలలుగా వంటింటి కిటికీలోంచి రోజూ చూసిందే, కానీ అంకెలు అప్పుడే చదివాడు.

రెండు దాటాక ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాడు.

"అయిపోయిందండి," అంది అసిరితల్లి. వెనకాల జనం గోల.

"ఏటైంది?"

"నాలుగో స్థానం."

"ఎంతమంది?"

"నలుగురం."

తవిటినాయుడు ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఆమే అంది, "ఆరుసార్లు ఎత్తాలండి. ఆరూ ఎత్తాను. ఒక్కటీ వదల్లేదు." వెంటనే అడిగింది, "భోంచేశారా?"

"లేదు. నువ్వు?"

"ఇప్పుడు తింటాను."

"అసిరీ," అన్నాడతను. "బస్టాండుకి వస్తాను. బరువు నువ్వు మొయ్యకు."

అటువైపు ఆమె నవ్వు మొదలైంది. ఆరు పట్లలో రాని ఆయాసం ఆ నవ్వులో వచ్చింది.

మర్నాడు డిపోలో తన భార్య రాష్ట్రంలో నాలుగోదని చెప్పాడట. ఎంతమందిలో అన్నది చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం పొద్దున్న లుంగీ బదులు ప్యాంటు వేసుకుని పెరట్లోకి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"చేతులెక్కడ పెట్టాలి?"

అసిరితల్లి ప్లేట్లన్నీ విప్పేసింది. అతని పాదాలు తన పాదంతో నెట్టి ఎడం చేసింది. వీపు మీద చెయ్యేసి, "వంచకండి, కూర్చోండి," అంది. "ముందు వట్టి కడ్డీతో."

వట్టి కడ్డీ అనడం నాకు నచ్చలేదు. ఇరవై కిలోలు వట్టి ఎలా అవుతుంది? కానీ నన్ను మోకాళ్ల దాకా తెచ్చేసరికి తవిటినాయుడి మొహం కందగడ్డలా అయిపోవడం చూసి, ఊరుకున్నాను.