ముత్తాత ఎత్తుకొచ్చిన ముసలమ్మ

డోలన్ సారుకు ముత్తాత పిచ్చి పట్టి అప్పటికి మూడు నెలలయింది. రెండు వేల తొమ్మిది, పక్కనున్న దుబాయిలో క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయిన ఏడాది. ఇక్కడ మస్కట్‌లో కూడా కంపెనీలు ఒక్కొక్కటే మనుషులను తగ్గించుకుంటున్నాయి. అలాంటి రోజుల్లో ఘుబ్రా ఆఫీసులో కూర్చుని లేబర్ క్యాంపులన్నీ చూసే మేనేజరు, ఐర్లండు నుంచి వచ్చిన పెద్దమనిషి, నూరేళ్ల కిందటి పోలీసు కానిస్టేబుల్ కోసం కాగితాలు తవ్వుతున్నాడు.

తవ్వడం ఆయనది, మోత మాత్రం గంగాధరానిది. గంగాధరం అల్ హైల్ క్యాంపులో కూలీల గదులు, హాజరు చూసే క్యాంప్ బాస్. జగిత్యాల దగ్గరి పల్లె. రోజూ పొద్దున హాజరు కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వచ్చేవాడు. ఆ ఆఫీసులోని ముసలి స్కానర్ అతని చేతికి తప్ప ఎవరికీ లొంగదు. అందుకని ఐర్లండు నుంచి డోలన్ చెల్లెలు పంపే నకళ్లన్నీ అతని ముందుకే వచ్చేవి. ఇంటర్ తప్పినవాడే కానీ, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివితే అర్థమయ్యేది.

డోలన్ ఇంట్లో తరతరాలుగా ఒక కథ ఉంది. ముత్తాత మైకేల్ డోలన్ ఒక ముసలమ్మను రెండు చేతుల మీద ఎత్తుకుని ఇంట్లోంచి బయటికి తెచ్చాడట. అగ్గిలోంచి తెచ్చాడని నాయనమ్మ చెప్పేది, వరదలోంచి అని మేనత్త చెప్పేది. ఎందులోంచి తెచ్చినా దయగల మనిషి అనే మాటలో తేడా లేదు. ఆ సంగతి అప్పటి పోలీసు రిజిస్టరులో రాసి ఉంటుందని డోలన్ ఆశ.

రిజిస్టరు పేజీ రానే వచ్చింది. కానిస్టేబుల్ నంబరు, ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు, మతం, సొంత జిల్లా, పెళ్లి తేదీ, భార్య జిల్లా, పనిచేసిన ఠాణాలు. భార్య జిల్లా ఎందుకు రాశారని గంగాధరం ఊరికే అడిగితే డోలన్ ఉత్సాహంగా చెప్పాడు. ఆ రోజుల్లో కానిస్టేబుల్‌కు సొంత జిల్లాలో డ్యూటీ వేసేవారు కాదు, భార్య జిల్లాలోనూ వేసేవారు కాదు. అయినవాళ్ల మీద చెయ్యి లేవదు కదా మరి.

ఆ పేజీ వెనకే పాత పత్రిక ముక్క ఒకటి వచ్చింది. పద్దెనిమిది వందల ఎనభై ఏడు. భూస్వామి ఒక పల్లెలో ఇళ్లు ఖాళీ చేయించాడు. ఒక విధవ ముసలమ్మ మంచం దిగనంది. కానిస్టేబుల్ డోలన్ ఆమెను ఎత్తుకుని రోడ్డు పక్కన, ఆమె గంజి కుండ పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత దూలంతో గోడ పొడిచి ఇల్లు పడగొట్టారు. అగ్గీ లేదు, వరదా లేదు. రిజిస్టరులో ఆ తేదీకి ఎదురుగా మెచ్చుకోలు రాసి ఉంది.

డోలన్ ముఖం కందిపోయింది. కప్పులో టీ చల్లారిపోయేదాకా ఆ ముక్క వంకే చూశాడు. "ఆర్డరంటే మాత్రం? మనిషికి నోరు లేదా? చెయ్యనని ఒక్క మాట అనలేడా?" అని బల్ల మీద గుద్దాడు. ముత్తాత పేరెత్తితే రోత పుడుతోందన్నాడు. ఎంత మంచి మనిషో అనుకున్నాడు గంగాధరం. అతని తెలివి అంతవరకే.

వారం తిరక్కుండానే కంపెనీ అల్ హైల్‌లో అద్దెకు తీసుకున్న ఒక బ్లాకును వదిలేసింది. బుధవారం సాయంత్రంలోగా తాళాలు ఇవ్వాలి. పని పోయిందని విమానం టికెట్లు చేతికిస్తే అందులోని కూలీలందరూ ఇళ్లకు కదిలారు. రఘుపతి ఒక్కడు మిగిలాడు. సైట్‌లో పరంజా మీంచి పడి కాలు విరిగింది, తొడ దాకా సిమెంటు పట్టీ. ఇంకో పదహారు రోజులకు పట్టీ విప్పుతామని బౌషర్ ఆసుపత్రి డాక్టరు తేదీ వేసి ఇచ్చాడు, ఈలోగా కదిలిస్తే ఎముక వంకరగా అతుక్కుంటుందన్నాడు. ఈ రఘుపతిది గంగాధరం భార్య సత్తవ్వ పుట్టిన ఊరు. ఆమెను సత్తక్కా అంటాడు, ఇతన్ని బావా అంటాడు.

గంగాధరం డోలన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పదహారు రోజులు సార్, నా రూమ్‌లోనే ఓ మూల పడుకుంటాడు అన్నాడు. డోలన్ కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు.

"పైనుంచి ఆర్డర్, గంగాధర్. నా చేతిలో ఏమీ లేదు. నువ్వే వెళ్లి చెప్పు. మీవాడే కదా, నీ మాట వింటాడు."

ఆ మాటకు గంగాధరానికి రిజిస్టరులోని భార్య జిల్లా కళ్ల ముందు కదిలింది. ముసలమ్మలను రోడ్డున పడేసిన ఆ పాడు సర్కారుకైనా ఆ మాత్రం సిగ్గు ఉంది. అయినవాళ్ల మీదికి అయినవాణ్ణి పంపకూడదని రాసుకుంది. ఈ పెద్దమనిషి సరిగ్గా అందుకే ఏరి పంపుతున్నాడు. చెయ్యనని ఒక్క మాట అనలేడా అని బల్ల గుద్దినవాడు. ఆ బల్ల కూడా అదే.

గంగాధరం మాత్రం అన్నాడా? వీసా రెన్యువలుకు రెండు నెలలుంది. భయం. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

బుధవారం మధ్యాహ్నం గదిలోకి వెళ్లేసరికి రఘుపతి కింది మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది.

"ఇంక పదారు దినాలే గద బావా. పట్టీ ఇప్పినంక నేనే పోత, ఎవ్వలు చెప్పకున్న."

"పైనుంచి ఆర్డరచ్చింది. నా చేతుల ఏం లేదురా."

అచ్చం డోలన్ మాటే తన నోట్లోంచి వచ్చిందని గంగాధరానికి తెలిసింది. స్టవ్ ఆర్పి, పప్పు గిన్నె తీసుకెళ్లి బయట గోడవార పెట్టాడు. పత్రికలోని గంజి కుండ గుర్తొచ్చింది. డోలన్ గేటు దగ్గర ఏసీ కారులో కూర్చుని ఉన్నాడు. డ్రైవర్ నసీరుద్దీన్ ఎయిర్‌పోర్టుకు పోయే వ్యాను తలుపు తెరిచి పట్టుకున్నాడు, ఇటు చూడలేదు.

రఘుపతి నడవలేడు. గంగాధరం వంగి అతన్ని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. రఘుపతి మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు.

"బరువైతున్ననా బావా?"

గంగాధరం గడప దాటాడు.

"సత్తక్కకు గిదంత చెప్పకు. బాధపడ్తది. నేనే మంచిగ చెప్త తియ్."

తిట్టినా బాగుండేది. ముఖాన ఉమ్మినా తుడుచుకునేవాడు. వ్యానులో పడుకోబెట్టి తలుపు వేసి, గదికి తాళం పెట్టి, ఆ తాళంచెవి కారు కిటికీలోంచి డోలన్ చేతికి ఇచ్చాడు. గుడ్ జాబ్ అన్నాడు డోలన్. శనివారం ఆయన కొత్త కవరు తెచ్చి, ముత్తాత ఇంకా ఎన్ని ఊళ్లలో ఆ పాడు పని చేశాడో తేలుస్తానన్నాడు. గంగాధరం ఆ కాగితాలన్నీ స్కాన్ చేశాడు, ఒక్కటీ చదవలేదు.

మూడో శుక్రవారం ఫోన్ చేస్తే సత్తవ్వ గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం ఉంది.

"రఘుపతి కాలు వంకర అతికిందట. మల్ల ఇరగ్గొట్టి కట్టాల్నంటున్నరు. ఆళ్లవ్వ కనకవ్వ ఒక్కతీర్గ ఏడుత్తంది. అయినా నీ పేరే చెప్తంది. అంత మంది ఉండంగ మా బావ ఒక్కడే రెండు చేతుల మీద ఎత్తుకచ్చిండని ఆడు ఊరంత చెప్పిండు."

వెనక నుంచి కూతురు సింధూజ ఫోన్ లాక్కుంది. మూడో తరగతి చదువుతోంది.

"నాయినా, రఘుపతి మామను నువ్వే ఎత్తుకచ్చినవట గద? మా బళ్లె అందరికి చెప్పిన. నిజమేనా?"

అగ్గిలోంచి అని చెప్పిందో, వరదలోంచి అని చెప్పిందో గంగాధరం అడగలేదు.

"ఔ బిడ్డా," అన్నాడు. "నేనే ఎత్తుకచ్చిన."