గురవయ్య సారు ఇరవై రెండు వచనాలు

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, సూర్యాపేట మిషన్ దవాఖానలో నర్సు ట్రైనింగుకు మిర్యాలగూడ వైపు నుంచి ఒక్క పిల్లను తీసుకుంటామని కబురొచ్చింది. ఇంగ్లీషులో ఏదో ఒక పాఠం ఇస్తారట. చదివి అర్థం చేసుకుని, అడిగినదానికి ఇంగ్లీషులోనే జవాబు రాయాలట. ఆ సీటు రాకపోతే వేములపల్లి శాంతకుమారి తల్లి జానమ్మ వెంట నాట్లకు పోవాల్సిందే.

మిర్యాలగూడలో ఇంగ్లీషు చెప్పేది గురవయ్య సారొక్కడే. కోదాడ మనిషి. రజాకార్ల గొడవల్లో ఆంధ్రా వైపు పోయి, తిరిగొచ్చేటప్పుడు ఒక నల్లకోటూ ఒక ఇంగ్లీషు వాచకమూ తెచ్చుకున్నాడు. ఫీజు కింద జానమ్మ ఆయనింట్లో వడ్లు దంచేది.

ఆదివారం బడిలో బైబిలు బంగారు వాక్యాలు వల్లింపజేసినట్టే ఆయన ఇంగ్లీషు కూడా చెప్పేవాడు. పాఠాన్ని వచనాలుగా విడగొట్టి, నంబర్లు వేసి, బట్టీ పట్టించడమే. ఉన్నది ఒకే పాఠం, దారి తప్పిన ముసలమ్మ కథ. ఇరవై రెండు వచనాలు. ఏ ప్రశ్న అడిగినా అందులో ఒక వచనం ఒప్పజెప్పాలి.

ఒకరోజు శాంతకుమారి ధైర్యం చేసి అడిగింది.

"సారూ, ముసలమ్మ ఎందుకేడ్చింది?"

"ఏడో వచనం."

"గది కాదు సారూ. ఇల్లు దొరికినంక గూడ ఎందుకేడ్చిందని."

"అయితే తొమ్మిదోది చెప్పు. ఆవిడ ఎందుకేడిస్తే నీకెందుకే? నువ్వేమన్నా ఆవిడ కోడలివా?"

పక్కన కూర్చున్న సువార్తమ్మ కిసుక్కున నవ్వింది. ఆ సీటుకే చదువుతున్న పిల్ల. ఇరవై రెండూ ఒక్క ఊపిరిలో అప్పజెప్పేది.

మర్నాడు శాంతకుమారి మందు డబ్బాలో దొరికిన ఇంగ్లీషు కాగితం తెచ్చి చూపించింది. సారు దాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"ఇది ఇంగ్లండు ఇంగ్లీషు. పరీక్షలో ఇండియా ఇంగ్లీషు వస్తుంది, ఫో."

ఆమెకు అంతా తెలిసిపోయింది. ఆనాటి నుంచి ఆ కోటును చూస్తేనే ఒళ్ళు మండేది. పైకి మాత్రం తల వంచుకుని వచనాలు ఒప్పజెప్పేది. అవతల రోకలి చప్పుడు వినిపిస్తుంటే ఈ బొంకులమారికా మా అమ్మ రెక్కలు ముక్కలు చేసుకునేది అని పళ్ళు కొరికేది. ఇంటికి రాగానే పాస్టరుగారి చెదలు పట్టిన నిఘంటువు ముందేసుకుని, ఆ మందు కాగితాన్ని మాట మాటగా విప్పుకునేది. అది ముగియడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. తర్వాత దొరికిన కాగితానికి ఆరు రోజులే.

పరీక్షలో ముసలమ్మ రాలేదు. జ్వరమొచ్చిన పిల్లవాడి కథ వచ్చింది. తల్లి తలుపు ఎందుకు తెరిచిపెట్టిందని ప్రశ్న. దానికి జవాబు పాఠంలో ఏ వాక్యంలోనూ లేదు, ఊహించి రాయాలి. శాంతకుమారి తప్పులతోనే తన మాటల్లో రాసింది. సువార్తమ్మ ముత్యాల్లాంటి అక్షరాలతో ఇరవై రెండు వచనాలూ దించేసింది.

సాయంత్రం డాక్టరు దొరసాని శాంతకుమారిని లోపలికి పిలిచింది. నీకు చదువు చెప్పిందెవరని ఇంగ్లీషులో అడిగింది. వెంట వచ్చిన గురవయ్య సారు కోటు సర్దుకుని గడప దాకా వచ్చి నిలబడ్డాడు, ఆయన వెనకే సువార్తమ్మ.

 కొత్తవాళ్ళ ముందు శాంతకుమారి ఎన్నడూ నోరు విప్పి ఎరగదు.

"నో టీచర్, మేడమ్," అంది గట్టిగా. "ఐ రీడ్ అలోన్."

టీచర్ అన్న మాట సారు చెవిన పడింది. ఆయన మొహం చాటంత అయింది. రెండు చేతులూ జోడించి, "యస్ మేడమ్! యస్, యస్! థ్యాంక్యూ!" అన్నాడు.

దొరసాని ఆయన్నీ చూసింది, ఈ పిల్లనూ చూసింది. మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని, కాగితం మీద శాంతకుమారి పేరు రాసి సంతకం చేసింది.

తిరుగు బస్సులో సారు పక్కవాళ్ళందరికీ చెప్పుకుంటూనే ఉన్నాడు. "దొరసాని ముందర టీచరని నన్నే తలుచుకుందండీ! విశ్వాసమున్న పిల్ల."

సువార్తమ్మ శాంతకుమారిని మెల్లగా మోచేత్తో పొడిచింది. "నిజంగ గట్లనే అన్నవా?"

"నువ్వు తలుపు కాడనే ఉంటివి గద. ఇనలేదా?"

"ఇన్న. సమజ్ కాలే."

శాంతకుమారి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"అయితే సారునే అడుగు."