అమ్మని దాటిపోయిన రొట్టె

కారు నడపడం నేర్పేవాళ్ళకి ఓపిక ఎక్కువనుకుంటారు జనం. ఆ పనే చేసే ఈ కూతురికున్న కాస్త ఓపికా బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలియని మహానుభావుల దగ్గరే అయిపోతుంది. దేవుడూ లేడు గీవుడూ లేడని తేల్చి చెప్పి చర్చిలోంచి బయటికొచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆదివారం మళ్ళీ ఆ గుమ్మం తొక్కిందంటే అంతా అమ్మ మోకాలి ఆపరేషన్ పుణ్యమే. వారం వారం తోడొచ్చే పక్కింటావిడ ఊళ్ళో లేదు. మెట్లెక్కించి వచ్చేద్దామనుకుంది, అమ్మ చెయ్యి వదిలితేగా.

లోపలికెళ్ళాక అమ్మ ముందుకి నడవలేదు. తలుపు పక్కన, ఫ్యాను గాలైనా అందని ఆఖరి బెంచీలో కూలబడింది. పాతికేళ్ళు రెండో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడిన మనిషి. మోకాలు నొప్పేమోలే అని సరిపెట్టుకుంది కూతురు.

పాటలయ్యాయి, ప్రసంగమయింది, విశ్వాసులకి పంచే ప్రభువు రొట్టె పళ్ళెం బయల్దేరింది. పట్టుకొచ్చింది ఎవరో కాదు, స్వయానా మావయ్య. అమ్మ చంకనెక్కి పెరిగిన తమ్ముడు ఇప్పుడు సంఘ పెద్ద మరి. వాళ్ళ బెంచీ దగ్గర ఆ పళ్ళెం ఈ చివరి ముసలాయన ముందు ఆగింది, అమ్మని దాటుకుని ఆ చివరావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

ఏంటమ్మా ఇదని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు గొణిగింది. ఇంట్లో ఒకరు విశ్వాసం వదిలేస్తే, వాళ్ళు తిరిగొచ్చేదాకా కన్నవాళ్ళకి రొట్టె లేదట. పాస్టరు గారి నియమమట. ఆరేళ్ళుగా ఇదే వరసట. కూతురికి ఒళ్ళు మండిపోయింది. వదిలేసింది తనైతే తనని నాలుగు తిట్టాలి గానీ, ఈ అమాయకురాలి మీదా ప్రతాపం? పాస్టరు మీద మండింది, మావయ్య మీద మండింది, ఇంతకాలం కడుపులో దాచుకున్న అమ్మ మీద ఇంకా మండింది.

పాస్టరు గారు కూతుర్ని చూడనే చూశారు. బిడ్డ లేచి, నమ్ముతున్నానని ఒక్క మాటంటే తల్లికి ఈ పూటే రొట్టె అందుతుందని వేదిక మీంచి తీయగా చెప్పారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. కడిగిపారేసే మాటలు కూతురి నాలుక చివరిదాకా వచ్చాయి. అంతలో పక్కకి చూస్తే, అమ్మ అప్పుడే రెండు చేతులూ దోసిలి పట్టేసింది.

కూతురు లేచి నిలబడింది. "నమ్ముతున్నాను" అంది, పళ్ళు బిగించి.

మావయ్య మొహం చాటంత చేసుకుని పళ్ళెం పట్టుకొచ్చాడు. అమ్మ కూతురి మొహంలోకి ఒక్కసారి చూసింది. దోసిలి తీసేసింది.

"అబద్ధమాడుతోందిరా తమ్ముడూ. దీనికి నమ్మకం లేదు. నాకుంది. నాకిస్తావా, ఇవ్వవా?"

మావయ్య పాస్టరు గారి వైపు చూశాడు. పాస్టరు గారు పుస్తకంలోకి చూశారు. అమ్మ ఇంక ఆగలేదు. తనే ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. మావయ్య పళ్ళెం పట్టుకుని వెనుదిరిగాడు.

కూతురికి ఏడుపొచ్చేంత కోపమొచ్చింది. చెయ్యి చాపితే అందేదానికి ఆరేళ్ళు ఎందుకు ఊరుకున్నావని అక్కడే నిలదీసింది.

అమ్మ నములుతూనే, "ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆపుతారనుకున్నానే" అంది.