ఇంటిపెద్ద చోటు

మా మామయ్య జోంగ్‌దాల్ గారికి ఈ లోకంలో ఉన్న ఆస్తల్లా గదిలో వంటింటి గోడవైపు కాస్త నేల. ఆయిల్ బాయిలర్ నుంచి వేడినీళ్ల గొట్టాలు నేలకింద ముందు అక్కడికే వచ్చేవి. కొరియాలోని మా ఇంజె కొండల చలికి మిగతా గదంతా గడ్డకట్టుకుపోతున్నా, అక్కడ మాత్రం వీపు కాలేది. అది ఇంటిపెద్ద చోటు. వచ్చినవాళ్లంతా అక్కడున్న ఆయనకే వంగి దండం పెట్టేవాళ్లు. అత్తయ్య చోటు తలుపు దగ్గర.

ఈ చలికాలం బాయిలర్ మొరాయించింది. మావారు పట్టుబట్టి దాన్ని పీకించి, నేలకింద కరెంటుతో వేడెక్కే పట్టీలు పరిపించారు. గదంతా ఒకే వెచ్చదనం. మేం మురిసిపోయాం. మామయ్య మాత్రం పాకుతూ అరచేత్తో నేలంతా తడిమారు.

"నా చోటేదీ?"

"అంతా మీ చోటే కదా మామయ్యా," అన్నాను.

"అన్నిచోట్లా ఒకటే అయితే నా గొప్పేముందే? ఆదివారం తమ్ముడొస్తాడు. ఎక్కడ పడితే అక్కడ కూలబడతాడు వెధవ!"

పరువు కాపాడుకోడానికి ఆయన తన పాత చోటులో దూది దుప్పట్లు మడతలేసి పరిచి, వాటిమీద కూర్చున్నారు. వేడి పైకి పోయే దారిలేక అడుగునే పేరుకుంది. అతివేడికి కరెంటు దానంతటదే ఆగిపోయింది. కాసేపటికి ఇల్లు చల్లబడింది. పట్టీలు వేసినతనికి ఫోన్ చేస్తే, దుప్పట్లు తీసి స్విచ్ మళ్లీ వేయమన్నాడు.

"తియ్యను," అన్నారు మామయ్య, దుప్పటి కింద చెయ్యిపెట్టి. "ఇదిగో, దొరికింది నా చోటు."

నిజమే, గదిలో అక్కడొక్కటే వెచ్చగా ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అత్తయ్య మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది.

"జరుగు."

"ఏంటీ?"

"జరగవయ్యా. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ తలుపు దగ్గరే పడున్నా. ఈ నాలుగు రోజులే మోకాళ్లు నన్ను నిద్రపోనిచ్చాయి. నీ పరువు తీసుకెళ్లి అక్కడ పెట్టుకో."

మామయ్య నావైపు చూశారు. నేను పైకప్పు చూశాను. ఆయన సణుక్కుంటూ దుప్పట్లమీద అత్తయ్యకు చోటిచ్చి వెళ్లి, కోటు కప్పుకుని తలుపు దగ్గర కూర్చున్నారు. సందులోంచి గాలి కోసేస్తోంది. ఎంతోసేపు ఉండలేకపోయారు. తిరిగొచ్చి, "కాస్త లే," అని దుప్పట్లు లాగేసి, స్విచ్ తనే వేశారు.

"అక్కడ అంత గాలని ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పాను," అంది అత్తయ్య. "అప్పుడు నువ్వు వెచ్చగా గురకపెడుతున్నావు."