నీళ్ళు పోసే మనిషి

బ్యాటరీలకు నీళ్ళు పొయ్యడమంటే మొక్కలకు పోసినంత సులువు కాదు. మూత తిప్పి తియ్యాలి. టార్చి వేసి లోపలికి తొంగి చూడాలి. సీసం పలకలు మునిగి ఉన్నాయో లేదో కనిపెట్టాలి. తక్కువైతే పలకలు ఎండి బ్యాటరీ చస్తుంది, ఎక్కువైతే యాసిడ్ పొంగి చేతుల మీద పడుతుంది. కుళాయి నీళ్ళు పనికిరావు, క్యానుల్లో కొనుక్కొచ్చే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. వంటింటి వెనక చీపుళ్ళూ ఖాళీ డబ్బాలూ పెట్టుకునే ఇరుకు గదిలో నాలుగు బ్యాటరీలున్నాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, గరాటా పెట్టి, పసిపిల్లకు మందు పట్టినట్టు కొంచెం కొంచెంగా పోస్తుంది. తర్వాత వైర్లు బిగించిన చోట పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా నీళ్ళతో తుడుస్తుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక బట్ట మీద చుక్క పడకుండా ఉండదు, పడ్డచోట చిల్లు పడకుండా ఉండదు. "ఎలకలు కొట్టినట్టున్నాయేంటమ్మాయ్ నీ బట్టలు? చూసినవాళ్ళు మేం నీకు గుడ్డ కూడా ఇవ్వట్లేదనుకుంటారు" అంటుంది అత్తగారు. ఎలకలు కాదండీ, మీరు చూసే టీవీ కొట్టిన చిల్లులని అనబోయి మాట మింగేస్తుంది. ఆ ఇంట్లో ఆమె మింగిన మాటలకు బరువుంటే ఈపాటికి మంచం మీంచి లేవలేకపోయేది.

ఊరు వాళ్ళ ఇంటితో అయిపోతుంది. కరెంటు స్తంభాలు ముందు వీధి మలుపులోనే ఆగిపోయాయి. స్థలం చవగ్గా వస్తోందని కొన్నప్పుడు, "ఏడాదిలో లైను వచ్చేస్తుంది" అన్నాడు భర్త. ఏ ఏడాదో చెప్పలేదు కనుక ఆయన మాట తప్పినట్టూ కాదు. కప్పు మీద సోలార్ పెట్టించారు. బ్యాటరీలు వచ్చిన కొత్తలో భర్త ఒకసారి నీళ్ళు పోశాడు. రెండోసారి నడుం పట్టేసిందన్నాడు. ఆ తర్వాత సంగతే ఎత్తలేదు. దిక్కులేని పనికి ఆ ఇంట్లో దారి బాగా తెలుసు, తిన్నగా నడిచొచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంటుంది.

అయితే ఆమె ఊరికే నష్టపోయే రకం కాదు. చాకిరీ ఎలాగూ తప్పనప్పుడు అందులోంచి తనకు నాలుగు గింజలైనా రాలాలనుకుంది. కరెంటు మీద గుడ్లు పొదిగే పెట్టె ఒకటి తెప్పించింది. వెచ్చదనం ఒక్క తీరున ఉండాలి, గుడ్లను రోజుకు కొన్నిసార్లు చేత్తో తిప్పాలి, మూడు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లోంచి కదల్లేని మనిషికి ఇంతకంటే కుదిరిన వ్యాపారం ఏముంటుంది? కోడిపిల్లల కోసం జనం ఇంటికే వచ్చేవాళ్ళు. వచ్చిన డబ్బు భర్త చేతికిచ్చేది. "మనలో మనకు నీదీ నాదీ ఏంటి?" అనేవాడాయన, జేబులో పెట్టుకుంటూ. లాభనష్టాలు పక్కనపెడితే, ఆ పెట్టె దగ్గర ఆమెకు మరో సంగతి ఉండేది. పిల్ల బయటికొచ్చే ముందురోజు పెంకు లోపల్నుంచే కీచుమంటుంది. ఆ చిన్న గొంతు వినపడగానే పనులన్నీ వదిలేసి చెవి ఆనించి కూర్చునేది. రోజంతా ఎవరో ఒకరు ఆమెను పిలుస్తూనే ఉంటారు, టీ అనో, తువ్వాలనో, మాత్రలనో. ఏమీ తెమ్మనకుండా పిలిచేది అవి మాత్రమే.

మబ్బులు పట్టి సూర్యుడు ముఖం చూపించని వారంలో జరిగింది అది. పెట్టెలో గుడ్లు రేపో మాపో పగిలేలా ఉన్నాయి. అదే సాయంత్రం మ్యాచ్ అని భర్త స్నేహితులను పిలిచాడు. పెద్ద టీవీ, రెండు ఫ్యాన్లు, గదినిండా లైట్లు. కాసేపటికి ఇన్వర్టర్ కీకీమని అరవడం మొదలుపెట్టింది. బ్యాటరీలో సగం అయిపోయింది, ఇంక ఆపండని దానర్థం. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు కోసుకుపోతుంది. ఆమె గుమ్మంలో నిలబడి, "ఏవండీ, టీవీ ఆపెయ్యండి. గుడ్లున్నాయి" అంది.

"గుడ్లు మ్యాచ్ చూస్తామన్నాయా?" అన్నాడొక స్నేహితుడు. అందరూ నవ్వారు. భర్త లేచాడు, ఆపుతాడనే అనుకుంది. నడిచి వెళ్ళి, ఆ అరుపు రాకుండా చేసే మీట నొక్కి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మ్యాచ్ గెలిచారు. తెల్లారేసరికి పెట్టె చల్లబడిపోయింది. ఆమె ఒక్కో గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకుంది. ఏ ఒక్కటీ పలకలేదు.

భర్త ఆవులిస్తూ వచ్చి, చచ్చిన బ్యాటరీల వంక చూసి, "నీళ్ళు సరిగ్గా పోశావా?" అన్నాడు.

ఇంట్లో మొదటి మాట ఎవరిదైతే తీర్పు వాళ్ళదే. సోలార్ షాపాయన వచ్చి మూతలు తీసి చూసి, "నీళ్ళు బాగానే ఉన్నాయి సార్, మరీ అడుగంటా వాడేశారు" అన్నా, "ఎప్పుడో ఓసారి మర్చిపోయి ఉంటుందిలెండి" అన్నాడు భర్త. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. "పాపం దానికి తీరికేదీ? గుడ్ల గోలలో పడి నీళ్ళు మర్చిపోయింది." ఆ 'పాపం' అనే మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. తిట్టినవాళ్ళతో పోట్లాడవచ్చు, జాలిపడేవాళ్ళ మీదకు ఎలా వెళ్తాం?

కొత్త బ్యాటరీలు కొనక తప్పలేదు. సలహాకు ఆడపడుచు భర్త వచ్చాడు. ఒకప్పుడు రెండు లారీలు తిప్పాడు కనుక ఆ ఇంట్లో ఆయన పేరు లారీ బావ, బ్యాటరీ మొదలు గుండెనొప్పి దాకా ఏ విషయంలోనైనా చివరిమాట ఆయనది. ముందుగదిలో భర్తా, లారీ బావా, సోలార్ షాపాయనా కూర్చున్నారు. ఆమె టీ పట్టుకెళ్ళింది. ఇవ్వడం అయిపోయినా కదలకుండా తలుపు పక్కన నిలబడింది.

షాపాయన రెండు రకాలూ చెప్పాడు. "లిథియం అయితే ధర మూడింతలు సార్. కాకపోతే దాచిందంతా దాదాపు వాడుకోవచ్చు. మరీ అడుగంటే లోపు అదే ఆగిపోతుంది, పాడవదు. పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. ఇప్పుడున్న లెడ్ యాసిడ్ రకం చవక, కానీ సగమే వాడాలి, మూడు నాలుగేళ్ళకు మార్చాలి. నీళ్ళూ తుడుపులూ తప్పవు."

"నా లారీలకు జీవితాంతం ఇవే వేశాను. ఒక్కరోజు మొరాయించలేదు," అన్నాడు లారీ బావ.

లారీ బ్యాటరీ పని ఇంజన్‌ను ఓ క్షణం తన్ని లేపడం, ఇంటి బ్యాటరీ పని రాత్రంతా మొయ్యడం. ఆమెకు ఆ తేడా తెలుసు. నోరు విప్పింది. "అన్నయ్యగారూ, అది వేరు, ఇది వేరండీ. లిథియం అయితే మబ్బు పట్టినా గుడ్లకు..."

"అబ్బో, మా ఆవిడ ఇంజనీరు కూడా అయిపోయింది!" అన్నాడు భర్త.

"చెల్లెమ్మా, గుడ్లు పొదగాల్సింది కోడి. దాని పని నువ్వు లాక్కున్నావు, నీ పని బ్యాటరీ లాక్కోవాలంటున్నావు. ఇలా అయితే ఎలా?" అన్నాడు లారీ బావ. షాపాయన కూడా నవ్వాడు. ఆయన్ను ఆమె తప్పు పట్టలేకపోయింది. డబ్బు తీసే చెయ్యి ఎటుంటే అటే తిరగడం వ్యాపారం. మొగుడూ పెళ్ళాం కలిసి కోడిపిల్లలు కొనడానికొస్తే తనూ మొగుడి వంకే చూసి ధర చెప్పేది.

షాపాయన నవ్వాపుకుని, "ఒక్క సంగతి సార్. లెడ్ యాసిడ్‌కి మెయింటెనెన్స్ ఖర్చు కలుపుకోవాలి. మా మనిషిని పంపిస్తే వచ్చినప్పుడల్లా చార్జీ ఉంటుంది. అది కలిపితే పదేళ్ళ మీద లిథియమే నయం" అన్నాడు.

బేరం అంచు మీద నిలబడిందని ఆమెకు తెలుసు. ఇంకొక్క మాటతో ఇటు ఒరుగుతుంది.

"మీ మనిషెందుకండీ? మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందిగా. ఆ పని తనే చేస్తుంది," అన్నాడు భర్త.

"జీతం కూడా అడగదు!" అన్నాడు లారీ బావ.

"అయితే మీకు మెయింటెనెన్స్ సున్నా అన్నమాట," అన్నాడు షాపాయన. "అలాగైతే లెడ్ యాసిడే లాభం సార్."

ఖాళీ కప్పులు తీసుకుని ఆమె వంటింట్లోకి వచ్చేసింది. ఇన్నాళ్ళూ తన పనికి విలువ కట్టలేదని బాధపడేది. ఈరోజు కట్టారు. సున్నా అని తేల్చారు. చిత్రమేమిటంటే ఆ సున్నా మీదే బేరమంతా నిలబడింది. ఆమె లేకపోతే వాళ్ళు లిథియం కొనేవాళ్ళు. ఆమె ఉంది కనుకే, బాగా చేస్తుంది కనుకే, ఆమెకు కావలసింది రాలేదు. కప్పులు కడుగుతూ ఆమె తన వైపు నుంచి బేరం తిరగేసి మరగేసి చూసుకుంది. ఏ బేరంలోనైనా పైచెయ్యి ఎవరిది? వద్దని లేచిపోగలిగినవాడిది. మరి తను దేన్ని వద్దనగలదు? నీళ్ళు పొయ్యనంటే? అప్పుడు బ్యాటరీ నీరసిస్తుంది. వాళ్ళకు టీవీ కాస్త ముందుగా ఆగుతుంది, అంతే, విసుక్కుని పడుకుంటారు. చచ్చేవి మాత్రం తన గుడ్లు. ఆమె సమ్మె చేస్తే నష్టం ఆమె ఒక్కదానికే. వాళ్ళకు ఈ లెక్క తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కట్టుతాడు ఉన్నట్టే తెలియనంత మెత్తగా ఉన్నప్పుడు పశువే తనంతట తాను రాటకు దగ్గరగా నిలబడుతుంది.

కొత్త లెడ్ యాసిడ్ బ్యాటరీలు వచ్చాయి. బిగించడానికి వచ్చిన మెకానిక్, "నీళ్ళు చూసేదెవరండీ?" అని అడిగాడు. భర్తా, అత్తగారూ, లారీ బావా ముగ్గురూ ఒకేసారి ఆమె వైపు చూశారు. అతను రబ్బరు తొడుగులు ఆమె చేతికిచ్చాడు. మగవాళ్ళ కొలతవి, ఆమె వేళ్ళు వాటి చివరిదాకా అందలేదు. "పలకలు ఎండితే వారంటీ ఉండదమ్మా. చూసుకోండి" అన్నాడు. అంటే ఇకమీదట కంపెనీ కూడా అత్తగారి మాటే అంటుందన్నమాట.

వారం తిరక్కుండానే కోళ్ళావిడ వచ్చింది. ముందు వీధిలో ఉంటుంది, ఆమె దగ్గర ఎప్పుడూ పిల్లల్ని కొనేది ఆవిడే. "ఏంటక్కా, ఈసారి ఇంకా గుడ్లు పెట్టలేదా? నీ పిల్లల కోసమే కాసుక్కూర్చున్నా."

పెట్టె శుభ్రంగా తుడిచి సిద్ధంగా ఉంది. గుడ్లు కూడా బుట్టలో తెచ్చిపెట్టుకుంది. ఆమె వాటి వంక చూసింది, ఇంకా ఏమీ కాని గుడ్లు, కూరకైనా పనికొస్తాయి, పిల్లకైనా పనికొస్తాయి. లోపల వెచ్చబెట్టిన మరుక్షణం నుంచి అవి ఆమెను బ్యాటరీల ముందు మోకాళ్ళ మీద కూర్చోబెడతాయి.

"ఇంక నేను పొదగను. పెట్టె నువ్వు తీసుకెళ్ళు," అంది.

"అయ్యో, అదేం మాటక్కా! నీ చేతి పిల్ల ఒక్కటి చచ్చిందా? పోనీ, మా ఇంట్లో పెట్టుకుని చేసుకో. మా వీధికి కరెంటుంది."

"వాటిని పూటపూటా తిప్పాలి. నేను పూటపూటా మీ ఇంటికొస్తే ఇక్కడ మా అత్తగారికి మంచినీళ్ళెవరిస్తారు?"

కోళ్ళావిడకు అర్థమైంది. ఆవిడదీ కాపురమే. ధర ఆవిడనే చెప్పమని, ఆమె బేరమాడకుండా ఆ చెప్పిందే తీసుకుంది. జీవితంలో అంత నష్టానికి ఆమె ఏదీ అమ్మలేదు. పెట్టెను తోపుడు బండి మీద కట్టి తీసుకెళ్తుంటే, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత బుట్టలోని గుడ్లు వంటింట్లో పెట్టింది. రాత్రికి కూర చేసింది. అందరూ బాగుందన్నారు.

"పోనీలే, మంచి పని చేశావు," అన్నాడు భర్త భోజనం చేస్తూ. "ఉన్న కరెంటంతా ఆ పెట్టె తాగేసేది. ఇంక మనకు ఢోకా లేదు."

"ఇకనైనా కాస్త తీరిక దొరుకుతుంది దానికి," అంది అత్తగారు.

"నీళ్ళ క్యాను రేపు తెచ్చి పడేస్తాను. నువ్వు ఓసారి..." అనబోయాడు భర్త.

"మీరే పొయ్యండి," అందామె.

అరవలేదు. కూర వడ్డిస్తూ అంది. భర్త చెయ్యి కంచంలోనే ఆగింది. "నేనా?"

"వాడు పొయ్యడమేంటే, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి!" అంది అత్తగారు.

"పొయ్యకపోతే బ్యాటరీలు చస్తాయి. తెలుసా నీకు?" అన్నాడాయన.

"తెలుసు."

ఆయన ఆమె ముఖంలో కోపం కోసం వెతికాడు. కోపమైతే తగ్గేదాకా ఆగితే సరిపోతుంది. కనిపించకపోయేసరికి, ఎప్పటిలా 'సరే లెండి' అంటుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. ఆ ఇంట్లో పొదుగుతున్న గుడ్డు ఒక్కటి మిగిలి ఉన్నా, ఆమె ఆ మాట అనేసేదే.