నా ఎదుట

ప్రమాణపత్రం అడుగున ఒక ముద్ర ఉంటుంది. "పై వ్యక్తి నా ఎదుట ప్రమాణం చేసి సంతకం చేశారు" అని. కోర్టు భాషలో దాన్ని జురాట్ అంటారు. నోటరీ దగ్గర టైపిస్టుగా పదకొండేళ్ళుగా ఆ ముద్ర కొడుతున్నాను గాని, అర్థం ఎవరైనా అడిగి ఉంటే "కాగితం చెల్లడానికండీ" అని విసుక్కునేదాన్ని.

మా నోటరీగారు మధ్యాహ్నం భోంచేశాక ఒక కునుకు తీయకపోతే లోకం ఆగిపోతుంది. ఆ కునుక్కి అడ్డు రాకుండా మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున్నే ఇరవై తెల్లకాగితాల అడుగున నేను ముద్ర కొడతాను, ఆయన తేదీ వేసి సంతకం గిలికేస్తారు. తర్వాత ఎవరొచ్చినా వాళ్ళ విషయం ముద్ర పైన టైపు చేసి, సంతకం పెట్టించి పంపేస్తాను. వాటికి నేను పెట్టిన పేరు రెడీమేడ్లు. తప్పని తెలియదా అంటే, తెలుసు. వచ్చినవాళ్ళకే లేని పట్టింపు మనకెందుకులే అనుకునేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వచ్చారు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లూ తెరలూ కుట్టే దర్జీ. తండ్రి ఒక వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసేవాడట. ఏడేళ్ళ క్రితం డ్యూటీకని వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. ఏడేళ్ళుగా అతని జాడ లేదని భార్య ప్రమాణం చేసి రాసిస్తే ఆ ఉద్యోగం కూతురికి ఇస్తారు. కాగితం అందాల్సిన ఆఖరి రోజు అదే, ఐదింటికి వర్క్‌షాపు ఆఫీసు మూసేస్తారు.

కూతురు చెబుతుంటే నాలుగు పేరాలు టకటకా కొట్టేసి కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని, బట్ట మీద కుట్టు తడిమినట్టు ఒక్కో వరుస కింద వేలు జరుపుకుంటూ చదివింది. ఇలా మొత్తం చదివేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అడుగుకొచ్చి ఆవిడ వేలు ఆగింది.

"ఇక్కడ నేను ప్రమాణం చేశానని ఉందమ్మా."

"అవునండీ. పక్కన సంతకం పెట్టండి."

"ఇంకా చేయలేదు కదా."

"అది మామూలుగా అలాగే ఉంటుందండీ."

ఆవిడ కుర్చీలో కునుకుతున్న నోటరీగారి వైపు చూసింది. "ఆయన ముందే సంతకం పెట్టేసినట్టున్నారు. నేను చెప్పకుండానే ఎలా విన్నారు?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది.

"అమ్మా, మూడున్నరయింది," అంది కూతురు. "పెట్టేసెయ్, వెళ్దాం."

"పెడతానే. ఆయన్ని లేవమను. వింటానంటే చెబుతాను."

నోటరీగారు లేచారు, చిరాగ్గానే లేచారు. ఆవిడ వేలున్న చోటు చూశాక ఆ చిరాకు ఎటుపోయిందో పోయింది. చొక్కా పై గుండీ పెట్టుకుని నిలబడ్డారు. తీరా చూస్తే ప్రమాణం చేయించే మాటలు ఆయనకి గుర్తు లేవు. మూడు సొరుగులు వెతికితే ఒక అట్టముక్క దొరికింది. దుమ్ము తుడిచి చదివారు. "నేను చెప్పేది నిజం. నాకు తెలిసినదేదీ దాచను."

ఆవిడ మొదటి మాట అని, రెండోదాని దగ్గర ఆగిపోయింది. కాసేపటికి రెండూ కలిపి మళ్ళీ మొదటినుంచి అంది. ఎందుకో నేనూ లేచి నిలబడ్డాను.

"మూడో పేరా తప్పు సార్. ఏడేళ్ళుగా జాడ లేదని ఉంది. రెండేళ్ళ కిందట నాకొక ఫోనొచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. రెండుసార్లు గొంతు సవరించుకుని పెట్టేశారు. మా ఆయన ఏదైనా చెప్పేముందు అలాగే రెండుసార్లు సవరించుకునేవాడు. ఆయనేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

కూతురు తల్లి వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వప్పుడప్పుడే ఎదురుచూడటం మానేశావు తల్లీ."

నోటరీగారు అట్టముక్కని అటూ ఇటూ తిప్పారు. "ఇది రాస్తే విచారణంటారమ్మా. ఉద్యోగం ఆగిపోతుంది. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేరు. ఈ ఒక్క మాట వదిలేస్తే ఎవరికీ తెలియదు."

"మీకు తెలిసింది కదా సార్. మీ ఎదుటే కదా చెప్పాను."

చెప్పే మనిషి ఒకరు, వినే మనిషి ఒకరు, ఇక వెనక్కి తీసుకోలేని మాట ఒకటి. జురాట్ అంటే అంతే. అది ఇంత పెద్దదని నాకు తెలియదు. పొద్దున్నే ఇరవైసార్లు ఠపఠపా కొట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయేదాన్ని.

కూతురు గోడ గడియారం చూసింది. ఇప్పుడు తల్లి మీద విరుచుకుపడుతుంది అనుకున్నాను. ఉద్యోగం ఆ అమ్మాయిది, పోయేదీ ఆ అమ్మాయికే.

"ఆ నంబరుందా అమ్మా?"

ఆవిడ కళ్ళజోడు పెట్టె తెరిచి, అద్దాలు తుడిచే గుడ్డ కిందినుంచి ఒక చీటీ తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"మళ్ళీ చేసి చూశావా?"

"లేదే. ఎవరో వేరేవాళ్ళు ఎత్తితే, వచ్చిన ఆ ఒక్క ఫోనూ లేకుండా పోతుంది కదా."

కూతురు చీటీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "రాయండి అక్కా. నంబరు కూడా వేయండి."

అడుగున ఏమీ లేని కాగితం తీసుకున్నాను. రెండుచోట్ల తప్పు కొట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ సంతకం చేసేదాకా ఆగి, అప్పుడు ముద్ర కొట్టాను. నోటరీగారు ఆ వాక్యాన్ని ఒక్కో మాటా చదువుకుని కింద తన పేరు రాశారు. మిగిలిన రెడీమేడ్లను తన చేత్తోనే చించారు.

నాలుగూ నలభైకి వాళ్ళు బయల్దేరారు. గుమ్మం దాటకుండానే కూతురు ఆగి, చీటీ చూస్తూ తన ఫోనులో ఆ నంబరు నొక్కింది. ఫోను తల్లి చెవికి ఆనించి, తన చెవి కూడా పక్కనే పెట్టింది.

"మోగుతోందే," అంది తల్లి.

నోటరీగారు ఇంకా కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.